‘అండి’ లేని ఇంగ్లీషుతో తంటాలు: బెంగళూరులో నా ఓఈటీ అనుభవం

నేను బెంగళూరులో స్టాఫ్ నర్సుని. సొంతూరు మదనపల్లె దగ్గర. యూకేలో నర్సుగా రిజిస్టర్ అవ్వడానికి 2024లో ఓఈటీ రాశాను. వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష అది. రాయబోయే ముందు ఎవరిని అడిగినా "గ్రామర్ చూసుకో, స్పెల్లింగ్ చూసుకో" అన్నారు. గ్రామర్‌తో నాకు పెద్ద పేచీ రాలేదు. స్పెల్లింగ్ అయితే బ్రిటిష్‌ది రాసినా అమెరికన్‌ది రాసినా ఒప్పుకుంటారు. నాకు చుక్కలు కనపడింది వేరే చోట. ఇంగ్లీషు బాగా వచ్చిన ఇద్దరు మాట్లాడుకుంటూ, ఇద్దరికీ అర్థమైందనే అనుకుంటూ, ఇద్దరూ వేర్వేరు దారుల్లో వెళ్ళిపోయే చోట. అది ముందుగా చెప్పినవాళ్ళు లేరు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫిబ్రవరిలో కమ్మనహళ్ళిలో ఒక కోచింగ్ సెంటర్లో చేరాను. ఫీజు 14,000, రెండు విడతల్లో కట్టించుకున్నారు. మా హాస్పిటల్ మారతహళ్ళి వైపు. మార్నింగ్ డ్యూటీ దిగి, యూనిఫాం మార్చుకుని 500డీ బస్సెక్కితే ఔటర్ రింగ్ రోడ్డు మీద ఎప్పటికి చేరతానో దేవుడికే తెలియాలి. కర్ణాటకలో ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా అని మా అమ్మ ధీమా. ఆ శక్తి పథకం కర్ణాటక అడ్రసు ఉన్న గుర్తింపు కార్డుకే పనిచేస్తుంది. నా ఆధార్ మీద మదనపల్లె ఉంది కాబట్టి రోజూ టికెట్టే. బస్సు దిగాక మళ్ళీ షేర్ ఆటో. కోచింగ్ ఖర్చు లెక్కేసుకునేటప్పుడు ఇవి కూడా కలుపుకోండి.

బ్యాచ్‌లో సగానికి పైగా మలయాళీ అమ్మాయిలు. తెలుగువాళ్ళం ముగ్గురం. మా మేడంది మంగళూరు. ఇంగ్లాండులో యార్క్‌షైర్ వైపు ఒక ఆసుపత్రిలో చాలా ఏళ్ళు వార్డులో పనిచేసి తిరిగొచ్చారు. మొదటి రోజు పుస్తకం తియ్యలేదు. కుర్చీలో కాస్త వంగి కూర్చుని, "నేను డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలమ్మని, ఎవరొస్తారో రండి" అన్నారు. స్పీకింగ్ పరీక్ష అలాగే ఉంటుంది. పేషెంటు సంగతీ, మనం చెయ్యాల్సిందీ రాసిన రోల్ కార్డు ఇస్తారు, మూడు నిమిషాలు చూసుకోవాలి, ఐదు నిమిషాలు పేషెంటుతో మాట్లాడాలి. అలాంటివి రెండు.

మా గుంటూరమ్మాయి ధైర్యంగా వెళ్ళి కూర్చుంది.

"ఐ హాడ్ ఎ ఫన్నీ టర్న్ ఇన్ ద కిచెన్, లవ్" అన్నారు మేడం నీరసంగా.

మా పిల్ల ముఖం విప్పార్చుకుని, "ఓ, దట్స్ నైస్! వాట్ హ్యాపెన్డ్?" అంది.

క్లాసులో ఎవరికీ అందులో తేడా కనపడలేదు. మేడం కూడా ఆట ఆపలేదు. మంగళవారం నుంచి రెండుసార్లు సిక్ అయ్యానన్నారు. ఈ అమ్మాయి "వారంలో రెండుసార్లు ఒంట్లో బాగాలేదు" అన్న అర్థంలో రాసుకుంది. తిండి సయించట్లేదు, ఐదున్నరకి కొంచెం టీ, అంతే అన్నారు. "ఓన్లీ టీ? ఫుడ్ కూడా తీసుకోవాలి కదా" అని ఈ అమ్మాయి ప్రేమగా మందలించింది. ఐదు నిమిషాలు అయిపోయాయి. మేం చప్పట్లు కొట్టాం.

అప్పుడు మేడం నడుం సరిచేసుకుని ఒక్కొక్కటీ విప్పారు. ఫన్నీ టర్న్ అంటే కళ్ళు తిరిగి పడబోవడం. అక్కడివాళ్ళు సిక్ అయ్యానంటే చాలాసార్లు వాంతి చేసుకున్నానని. ఉత్తర ఇంగ్లాండులో టీ అంటే సాయంత్రం భోజనం. "కాబట్టి ఇప్పుడు మీ చార్టులో వాంతులు లేవు, పడబోయిన సంగతి లేదు, భోంచేసిన మనిషిని పస్తు పెట్టేశారు. పైగా పడిపోబోయానంటే నైస్ అన్నారు."

నవ్వాం కానీ నాకు లోపల గుబులు పట్టుకుంది. ఎందుకంటే ఆ కుర్చీలో నేనున్నా అదే రాసేదాన్ని. బంగ్డ్ అప్, వాటర్‌వర్క్స్ లాంటివి మేడం తరవాత చాలా చెప్పారు. ఒకటి మలబద్ధకమో ముక్కుదిబ్బడో, రెండోది మూత్రం సంగతి. అవి నన్ను భయపెట్టలేదు. తెలియని మాట వస్తే ఎవరైనా ఆగి అడుగుతారు. సిక్, టీ, ఫన్నీ నాకు ఎల్‌కేజీ నుంచి తెలుసు. తెలుసు కాబట్టే అడగం. మునిగేది అక్కడే.

మన వైపు నుంచి వెళ్ళేవి కూడా తక్కువేం కాదు. వార్డులో రోజూ పొద్దున "మోషన్ పాస్డ్?" అని అడుగుతాం. అక్కడి పెద్దాయన్ని అలా అడిగితే పార్లమెంటులో తీర్మానం నెగ్గిందా అన్నట్టు చూస్తాడన్నారు మేడం. వాళ్ళ నర్సులు అడిగేది "హ్యావ్ యూ బీన్?" అని. ఎక్కడికి వెళ్ళావో ఎవరూ పలకరు, అందరికీ తెలుసు. మనం పేషెంట్ ఎక్స్‌పైర్ అయ్యాడంటాం, వాళ్ళకది పాల ప్యాకెట్టు మీద తేదీలా వినపడుతుంది. మనం ఇక్కడ ప్రతి నర్సునూ సిస్టర్ అంటాం. అక్కడ సిస్టర్ అంటే వార్డు మొత్తం చూసుకునే సీనియర్ హోదా. వెళ్ళిన వారంలోనే "ఐయామ్ సిస్టర్ సో అండ్ సో" అని పరిచయం చేసుకుంటే, ఈ కొత్త పిల్లకి ఎంత పొగరు అనుకుంటారు.

ఇక్కడ మా వార్డు గురించి చెప్పాలి. మాది ఇంటర్నేషనల్ పేషెంట్ల ఫ్లోరు. నైజీరియా, కెన్యా, టాంజానియా, ఒమన్, బంగ్లాదేశ్ నుంచి వస్తుంటారు. అంతకుముందు కూడా రోజూ వాళ్ళతో ఇంగ్లీషులోనే మాట్లాడేదాన్ని. కోచింగ్‌లో చేరాక చెవి మారింది. ఇన్నాళ్ళూ వాళ్ళ యాస కష్టమని తీసిపారేసిన వాటిలో చాలావరకు యాస కాదు, అసలు మాటకే వేరే అర్థం.

మార్చిలో నైజీరియాలోని లాగోస్ నుంచి ఒకాయన మోకాలి ఆపరేషన్‌కి వచ్చారు. ఆపరేషన్ అయిన మూడో రోజుకి గొంతు నొప్పి, కొంచెం జలుబు. నేను వెళ్ళి, మామూలుగా చెప్పినట్టే, "టేక్ ప్లెంటీ ఆఫ్ హాట్ డ్రింక్స్" అన్నాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, భార్య వైపు తిరిగి, విన్నావా, నర్సే రాసిచ్చింది అన్నట్టు చెయ్యి చూపించి పడీ పడీ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. నా ఐడీ కార్డు మీద పేరు చదువుతోంది. కంప్లైంటు రాస్తుందేమోనని నాకు చెమటలు పట్టాయి. తరవాత ఆయనే చెప్పారు. వాళ్ళ దగ్గర హాట్ డ్రింక్ అంటే విస్కీ, బ్రాందీ లాంటివి. కూల్ డ్రింకుల్ని మినరల్స్ అంటారట.

అప్పుడు నాకూ నవ్వొచ్చింది. మందు అన్న మాటతో మనం చేసే సర్కస్ తక్కువా? "మందేసుకున్నావా" అని అడిగితే ఏ మందో అడిగినవాళ్ళ ముఖం చూసే కదా తెలుసుకుంటాం. ఆయనకి ఆ సంగతి చెప్పాను. ఆవిడ కూడా అప్పుడు కరిగింది. డిశ్చార్జి దాకా నన్ను పిలిచి మరీ "నర్స్, మై హాట్ డ్రింక్" అని అల్లం టీ అడిగేవారు.

ఆ గదిలోనే ఇంకోటి. ఆయన తమ్ముడు అటెండెంటుగా ఉండేవాడు. ఏదైనా అడిగితే "ఐయామ్ కమింగ్" అని గది నుంచి బయటికి వెళ్ళిపోయేవాడు. మా ఫ్లోర్‌లో కొత్తగా చేరిన హిందీ అమ్మాయికి అది పిచ్చెక్కించింది. వస్తున్నానంటాడు, పోతాడు, ఇదేం మనిషి అని. నాకూ మా కొట్టాయం రూమ్మేట్‌కీ అసలు తేడాయే తెలియలేదు. మనం గుమ్మం దాటుతూ "వస్తానండీ" అనే కదా చెప్తాం. వెళ్తానంటే తిడతారు కూడా. మలయాళంలోనూ అంతేనట. లాగోస్ ఇంగ్లీషు లండన్‌కి అర్థం కాకపోయినా మదనపల్లెకి అర్థమైంది.

అన్నీ ఇలా నవ్వుకునేవి కావు. ఇంకో పేషెంటు రాత్రి బెల్ కొట్టి, "ఐ వాంట్ టు ఈజ్ మైసెల్ఫ్" అంటే, నైట్ డ్యూటీలో ఉన్న జూనియర్ మంచం తల వైపు ఎత్తి, దిండు సర్ది, ఇప్పుడు సుఖంగా ఉందా అని అడిగి వెళ్ళిపోయింది. ఆవిడ అడిగింది బాత్రూంకి వెళ్ళాలని. పడిపోయే ప్రమాదం ఉన్న పేషెంటు, ఒంటరిగా లేచి వెళ్ళబోయింది. అదృష్టం బాగుండి వార్డ్ ఆయా చూసి పట్టుకుంది. పొద్దున హ్యాండోవర్‌లో అది రాయించాం. ఆ తరవాత మా నర్సింగ్ స్టేషన్ గోడ మీద ఇలాంటి మాటల కాగితం ఒకటి అంటించుకున్నాం. ఎవరికి కొత్తది తగిలితే వాళ్ళు పెన్నుతో కింద రాస్తారు.

ఏప్రిల్‌లో పరీక్ష బుక్ చేశాను. 587 ఆస్ట్రేలియన్ డాలర్లు. కార్డు మీద కట్టేసరికి, బ్యాంకు చార్జీలతో కలిపి 33,000 దాటింది. నా నెల జీతం అంతకంటే ఏమంత ఎక్కువ కాదు. కట్టేసిన రాత్రి నిద్ర పట్టలేదు. బుకింగ్ ఫారంలో ఇంకో చిక్కు. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు ఇవ్వాలి. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి సర్‌నేమ్ గడిలో ఉంటుంది, నర్సింగ్ సర్టిఫికెట్టులో ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది. ఈ రెండూ ఒకే మనిషివని తరవాత చూపించుకోవాలి. నోటరీ దగ్గర అఫిడవిట్‌కి 600 అయింది. ముందే చేయించుకోండి.

ఆ నెల నుంచే మేడం నన్ను సరిగ్గా పట్టుకున్నారు. ఒక మాక్ టెస్టుని ఫోన్లో రికార్డు చేసి, నా చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టి వినిపించారు. మాటలన్నీ సరైనవే. "ఎనీ అలర్జీ. పెయిన్ వేర్. సిన్స్ వెన్. షో మీ." మేడం ఏమీ అనలేదు. నేనే విన్నాను. స్టేషన్లో కానిస్టేబులు వివరాలు రాసుకుంటున్నట్టుంది. మనసు చివుక్కుమంది. మా వార్డులో పేషెంట్లతో బాగా మాట్లాడుతుందని పేరున్నదాన్ని నేను.

మేడం ఒక సంగతి చెప్పారు. డెబ్బైల్లో ఇంగ్లాండులో ఒక పెద్ద విమానాశ్రయంలో, ఉద్యోగుల క్యాంటీన్లో కొత్తగా ఇండియా, పాకిస్తాన్ ఆడవాళ్ళని పెట్టుకున్నారట. వీళ్ళు దురుసుగా ఉన్నారని ఫిర్యాదులు. జాన్ గంపర్జ్ అనే భాషా శాస్త్రవేత్త అక్కడి మాటలు రికార్డు చేసి చూశాడు. మాంసం వడ్డించాక గ్రేవీ వెయ్యాలా అని అడగాలి. ఇంగ్లీషు మనిషి "గ్రేవీ?" అని చివర స్వరం పైకి లేపుతుంది. మనవాళ్ళు "గ్రేవీ." అని కిందికి దించుతున్నారు. మనకి అది అడగడమే. వాళ్ళకి "ఇదిగో గ్రేవీ, తింటే తిను లేకపోతే లే" అన్నట్టు. రికార్డింగు రెండు వైపులవాళ్ళకీ వినిపించి మాట్లాడించాక గొడవ సర్దుకుందట. ఒక్క మాట కూడా తప్పు కాదు, రాగం ఒక్కటే.

ఇది విన్న రోజు బస్సులో కూర్చుని ఆలోచిస్తూ వచ్చాను. తెలుగులో నేను పేషెంటుతో "నొప్పి ఎక్కడండి, కాస్త ఇటు తిరగండి" అంటాను. మర్యాద మొత్తం ఆ ‘అండి’లోనే ఉంది. గొంతు పైకి లేపినా, దించినా, తొందరలో ఉన్నా, ‘అండి’ కాపాడుతుంది. ఇంగ్లీషులోకి దిగేసరికి ‘అండి’ ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టే. దాని బదులు వాళ్ళు ఏం పెట్టుకున్నారో నేర్చుకోలేదు. నేర్పినవాళ్ళూ లేరు. బళ్ళో నేర్పింది సర్, మేడం, ప్లీజ్. అవి కూడా ఎక్కువైతే వాళ్ళకి ఎబ్బెట్టుగా ఉంటుందట.

వాళ్ళ ‘అండి’ ఎక్కడుందో మేడం చూపించారు. గొంతు చివర పైకి లేవడంలో కొంత. జస్ట్, ఎ బిట్, వుడ్ యూ మైండ్ అనేవాటిలో కొంత. పాప్ అని ఒకటుంది, ఇంగ్లాండులో నర్సులు దాన్ని అన్నిటికీ వాడతారట. పాప్ అప్ ఆన్ ద బెడ్, పాప్ యువర్ షూస్ ఆఫ్. ‘కాస్త’ అన్నమాట. అది అర్థమైన రోజు నుంచి నాకు పని సులువైంది. తెలుగులో ఎక్కడ ‘కాస్త’ అంటానో అక్కడ జస్ట్, ఎక్కడ ‘అండి’ వస్తుందో అక్కడ గొంతు పైకి. మేడం పద్ధతి కాదిది, నాకు నేను పెట్టుకున్న లెక్క. పని చేసింది.

ఇంకో చిన్న విషయం. స్పీకింగ్‌ని రికార్డు చేసి పంపితే, మార్కులు వేసేవాళ్ళు వింటారు. ఎదుట కూర్చుని పేషెంటుగా నటించేవాళ్ళు మార్కులు వెయ్యరు. కాబట్టి మనం తల ఊపడం ఎవరికీ వినపడదు. పైగా మన తల ఊపుడు అవునా కాదా అన్నది వాళ్ళకి పెద్ద చిక్కుముడి. ‘ఊఁ ఊఁ’ అనడం మనకి వింటున్నానని. వాళ్ళకి, తొందరగా కానియ్ అన్నట్టు ఉంటుందట. "ఐ సీ", "దట్ మస్ట్ బీ హార్డ్" అని నోటితో అనాలి. మొదట్లో అలా అంటుంటే నాటకాల్లో వేషం వేసినట్టు సిగ్గేసేది.

నొప్పి సంగతి మాత్రం చివరిదాకా నన్ను ఏడిపించింది. మన వార్డుల్లో ఐవీ పెడుతుంటేనే "చచ్చిపోతున్నా సిస్టరమ్మా" అంటారు, మనం దాన్ని పదో వంతుకి తగ్గించుకుని వింటాం. ఇంగ్లాండు ముసలాయన విరిగిన తుంటితో పడుకుని "బిట్ సోర్" అంటాడు. దాన్ని పది రెట్లు పెంచుకుని వినాలి. మేడం దీనికి కొరియా యుద్ధం కథ చెప్పారు. 1951 ఏప్రిల్‌లో ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ దళాన్ని చైనా సైన్యం చుట్టుముడుతోంది. బ్రిగేడియర్ బ్రోడీ అనే ఆయన తన పైనున్న అమెరికన్ జనరల్‌కి, పరిస్థితి ‘ఎ బిట్ స్టికీ’ అని చెప్పాడు. బ్రిటిష్ చెవికి దాని అర్థం, కొంప మునుగుతోందని. అమెరికన్ చెవికి, కాస్త ఇబ్బందే కానీ నెట్టుకొస్తున్నారని. గ్లాస్టర్‌షైర్ పటాలం వెనక్కి రాలేకపోయింది. చాలామంది చనిపోయారు, వందల మంది పట్టుబడ్డారు. ఇద్దరిదీ ఇంగ్లీషే. క్లాసులో ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

అందుకే మాటని నమ్మకుండా అంకె అడగడం అలవాటు చేసుకున్నాను. సున్నా నుంచి పదిలో ఎంత, రాత్రి నిద్ర పట్టిందా, మెట్లెక్కగలుగుతున్నారా. ఇది పరీక్ష కోసం నేర్చుకున్నదే అయినా మా వార్డులో ఒమన్ పేషెంటు దగ్గరా, చిత్తూరు పేషెంటు దగ్గరా కూడా ఇప్పుడు ఇదే చేస్తున్నాను.

లిజనింగ్‌కి సూత్రం ఏమీ లేదు, వినడమే. ఒక్కసారే వినిపిస్తారు. ఆస్ట్రేలియా వాళ్ళు టుడే అంటే టుడై అన్నట్టుంటుంది. న్యూజిలాండ్ వాళ్ళ లెగ్ లిగ్‌లా, బెడ్ బిడ్‌లా వినపడుతుంది. రాత్రి డ్యూటీలో ఖాళీ దొరికితే ఆస్ట్రేలియా, స్కాట్లాండ్ రేడియో పెట్టుకుని విన్నాను. మొదటి రెండు వారాలు గాలి శబ్దం. తరవాత తరవాత విడివిడిగా మాటలు దొరకడం మొదలైంది. ఇయర్‌ఫోన్స్ కాకుండా చెవి మొత్తం మూసే హెడ్‌ఫోన్స్ కొనండి. నా పరీక్షలో అలాంటివే ఇచ్చారు, అలవాటు లేకపోతే చెవులు నొప్పి పుడతాయి. నావి 1,800.

పరీక్ష జూన్‌లో. వానలు మొదలయ్యాయి కాబట్టి ట్రాఫిక్‌కి భయపడి ముందు రోజు రాత్రే సెంటర్ దగ్గర తెలిసినవాళ్ళ పీజీలో పడుకున్నాను. గేటు దగ్గర పాస్‌పోర్టు చూశారు, గడియారం, కర్చీఫ్ కూడా బయట పెట్టించారు. లిజనింగ్‌లో ఒక్క చోట మనసు ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది, అప్పటికే టేపు రెండు ప్రశ్నలు దాటింది. వదిలేసి ముందుకెళ్ళాను. అక్కడ ఆగి ఏడిస్తే మిగతావి కూడా పోతాయి. రైటింగ్‌లో 45 నిమిషాలు. రెఫరల్ లెటర్. మన ‘కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్’ వేళ్ళ చివరిదాకా వచ్చి ఆగింది.

నా స్పీకింగ్ వీడియో కాల్‌లో జరిగింది. కార్డుల్లో ఏమొచ్చిందో బయట చెప్పకూడదన్న రూలు ఉంది, కాబట్టి చెప్పను. మొదట కాసేపు ఊరికే కబుర్లు చెప్పిస్తారు, దానికి మార్కులుండవు. అవతలావిడ ఎక్కడి మనిషో నాకు అంతు పట్టలేదు. కానీ ఆవిడ ఒక చోట ఒక చిన్న మాట అంది, నేను ఎప్పుడూ వినలేదు. నోరు ఎండిపోయింది. అర్థమైనట్టు నటించేదాన్నే. మేడం ముఖం గుర్తొచ్చి, "సారీ, వెన్ యూ సే దట్, డూ యూ మీన్..." అని అడిగేశాను. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా వేరే మాటల్లో చెప్పింది. అడగడం తప్పు కాదు. పేషెంటుని అడిగి సరిచూసుకోవడానికి మార్కులు కూడా ఉన్నాయి.

రెండు వారాలు దాటాక ఒక సాయంత్రం డ్యూటీలో ఉండగా మెయిల్ వచ్చింది. మెడికేషన్ ట్రాలీ లాక్ చేసేదాకా తెరవలేదు. లిజనింగ్ 360, రీడింగ్ 380, స్పీకింగ్ 400, రైటింగ్ 340. యూకే నర్సింగ్ కౌన్సిల్‌కి రైటింగ్‌లో 300, మిగతా మూడింట్లో 350 ఉంటే చాలు. స్పీకింగ్‌లో 400 చూసి నమ్మలేక మళ్ళీ లాగిన్ అయి చూశాను. గుంటూరమ్మాయికి లిజనింగ్‌లో 340 వచ్చింది. పాపం, తను మళ్ళీ రాయాలి. ఒక్క పది మార్కులకి ఇంకో 33,000. ఈ పరీక్షలో నాకు నచ్చనిది ఇదే.

తరవాత ఖాళీ. యూకేలో విదేశీ నర్సుల్ని తీసుకోవడం ఆ ఏడాది బాగా తగ్గింది. జూలై, ఆగస్టు అంతా అప్లికేషన్లు పెట్టుకోవడమే. ఒక ఏజెన్సీ వాడు ఇంటర్వ్యూ ఇప్పిస్తాను, లక్షన్నర అన్నాడు. నర్సుల దగ్గర డబ్బు తీసుకోకూడదని యూకే ప్రభుత్వ నియమావళిలోనే ఉంది. ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబరులో ఒక ఆసుపత్రి నుంచి వీడియో ఇంటర్వ్యూ. ఉత్తర ఇంగ్లాండు. ఇద్దరు ఆడవాళ్ళు. మొదటావిడ నన్ను మా ఇంటిపేరు పెట్టి ఆప్యాయంగా పిలిచింది. ఆ పేరుతో మా నాన్నని కూడా ఎవరూ పిలవరు, కాసేపు ఎవరినో అనుకున్నాను. వెంటనే "యూ ఆల్ రైట్?" అంది. ఇది మేడం చెప్పకపోయుంటే నా ముఖం అంత పాలిపోయిందా అని బెంగపడేదాన్ని. అది వాళ్ళ నమస్కారం. ఫైన్ థాంక్స్, హౌ ఆర్ యూ అంటే సరిపోతుంది.

డోసు లెక్కలు, పేషెంటు పడిపోతే ఏం చేస్తావు, సెప్సిస్ ఎలా గుర్తుపడతావు. అవన్నీ మన పనే. చివర్లో లాంగ్ డే, అంటే పొడుగు షిఫ్టు, ‘హాఫ్ సెవెన్’కి మొదలవుతుంది, ఆర్ యూ హ్యాపీ విత్ దట్ అని అడిగారు. హ్యాపీ అంటే సంతోషమా అని కాదు, ఒప్పుకుంటావా అని. హాఫ్ సెవెన్ అంటే ఏడున్నరా, ఆరున్నరా? నాకు తెలుసు ఏడున్నరేనని. అయినా "సెవెన్ థర్టీ ఇన్ ద మార్నింగ్?" అని చివర గొంతు లేపి అడిగాను. ఇద్దరూ నవ్వి, మంచి ప్రశ్న అన్నారు. నిజంగా మంచిదో, మర్యాదకి అన్నారో ఇప్పటికీ తెలియదు. వాళ్ళ ‘క్వైట్ గుడ్’ కూడా అంతే, పొగడ్త అనుకుని ఇంటికి ఫోన్ చేసేయకండి.

పది రోజులకి ఆఫర్ మెయిల్ వచ్చింది. అప్పటికి లెక్క: కోచింగ్, పరీక్ష, ప్రయాణాలు, అఫిడవిట్ అన్నీ కలిపి 60,000 దగ్గరికి చేరింది. చదువు కాగితాల పరిశీలనకి నర్సింగ్ కౌన్సిల్‌కి 140 పౌండ్లు, కంప్యూటర్ పరీక్షకి 83 పౌండ్లు వేరే. ఆ పరీక్ష బెంగళూరులోనే రాయొచ్చు. డిసెంబరుకి తేదీ దొరికింది. ప్రాక్టికల్ మాత్రం అక్కడికి వెళ్ళాకే.

కోచింగ్ తప్పనిసరా అని వార్డులో జూనియర్లు అడుగుతున్నారు. రీడింగ్, రైటింగ్ ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. స్పీకింగ్‌కి మాత్రం అక్కడ పనిచేసి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే నెల రోజులైనా వాళ్ళ ఎదురుగా కూర్చోండి, కూర్చున్నదంతా ఫోన్లో రికార్డు చేయించుకోండి. మన హాస్పిటళ్ళలో ఇంటర్నేషనల్ ఫ్లోర్‌కి డ్యూటీ వేస్తే వద్దనకండి. గుంటూరమ్మాయి ఇప్పుడు అక్కడికే మార్చుకుంది. నవంబరులో మళ్ళీ రాస్తోంది. హెడ్‌ఫోన్స్ నావి ఇచ్చాను.